పదహారు కిలోల గుమ్మడి

సూది వేసి అప్పటికి మూడో రోజు. ముంజేతి మీద ఏం లేచిందో రెండు రోజులు నిండాక చూడాలి, మూడు దాటితే ఆ చూపు లెక్కలోకి రాదు. అందుకని కాటా తాత పొద్దున ఎనిమిదింటికల్లా కోడల్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాడు. ముగ్గురూ ఎడమచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి చేతికి వాళ్ళు కాపలా కాస్తున్నట్టున్నారు.

తాత కొడుకు పిండిమరలో పనివాడు. ఆరు నెలలుగా దగ్గుతుంటే అందరూ పిండి దగ్గు అన్నారు. వాడూ అదే అన్నాడు. ఉమ్ములో ఎర్రజీర కనబడిన రోజున గాని ఇంట్లో ఎవరికీ భయం వెయ్యలేదు. వేసింది మొదలు ఇక దిగలేదు. క్షయ అన్నారు. మందులు మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. వాణ్ణి వెనకగదిలో కిటికీ వైపు పడుకోబెట్టారు. అంతవరకూ, ఆ ఆరు నెలలూ, గుమ్మడి తండ్రి పక్కలోనే పడుకునేది. తండ్రి చెయ్యే దానికి తలగడ.

గుమ్మడి అంటే మనవరాలు. ఆరేళ్ళది. ఏడాది పిల్లప్పుడు బుగ్గలు అలా ఉండేవని పిలిచిన పేరు. బుగ్గలు పోయాయి, పేరు మిగిలింది. పేరు మిగలబట్టే బుగ్గలు పోయిన సంగతి ఎవరి కంటా పడలేదు.

నర్సమ్మ ముందు కోడలి చెయ్యి పట్టుకుంది. వాపు అంచుల్ని వేలితో తడిమి, గట్టిగా తగిలినంత మేర అటూ ఇటూ పెన్నుతో గీతలు పెట్టి, మధ్యన చిన్న మిల్లీమీటర్ల స్కేలు ఆనించింది.

"పద్నాలుగు."

తాత చెయ్యి చూసి, "పన్నెండు," అంది.

"ఎరుపు ఇంకా పెద్దగా ఉందే?" అన్నాడు తాత.

"ఎరుపుతో పనిలేదు తాతా. గట్టిపడిందే లెక్క. ముఖాలు అలా వేలాడేసుకోకండి. పురుగు లోపలికి వచ్చిందని అర్థం గాని, లేచి కూర్చుందని కాదు. ఛాతీ ఫోటో తీస్తే తెలుస్తుంది. ఏదీ, ఇప్పుడు పెద్దమ్మగారి చెయ్యి?"

గుమ్మడి నవ్వుతూ చెయ్యి చాపింది. నర్సమ్మ తడిమింది. వెలుతురు వైపు తిప్పి మళ్ళీ తడిమింది. సూది గుచ్చిన చుక్క తప్ప ఏమీ లేదు. చెయ్యి అలికిన అరుగులా నున్నగా ఉంది.

"సున్నా," అంది నర్సమ్మ.

కోడలు పిల్లని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. "నా తల్లే! నా బంగారుకొండే! ఒక్క సున్నాతో నా ప్రాణం లేచొచ్చిందే!"

సున్నా అన్న మాట తాతకు యాభై ఏళ్ళుగా పడదు. కాటాలు, తక్కెడలు బాగుచేసి బతికిన మనిషి. సున్నా మీద కదలకుండా నిలబడ్డ తక్కెడను చూసి కొనేవాడు నిజాయితీ అనుకుంటాడు. తాత తుప్పు అనుకుంటాడు. పళ్ళెంలో చిటికెడు ఉప్పు వేసి, ముల్లు కదిలాకే దాని సున్నాను నమ్ముతాడు.

"నర్సమ్మా, ఇది లోపల ఏమీ లేక సున్నానా, కదలలేక సున్నానా?"

"అబ్బో, కాటా తాతకి అన్నీ కాటాలే!" అని నవ్వింది గాని, కొట్టిపారెయ్యలేదు నర్సమ్మ. "మంచిమాటే అడిగారు. లోపల పురుగు ఉంటే, మేం సూదిలో ఎక్కించినదాన్ని ఒళ్ళు గుర్తుపట్టి అక్కడ గట్టిపడుతుంది. అలా గట్టిపడటానికి ఒంట్లో సత్తువుండాలి. తిండి చాలక చిక్కిపోయిన పిల్లలకి లోపల జబ్బు ఉన్నా కూడా చర్మం లేవదు. అలాంటి పిల్లల సున్నాను మేం నమ్మం. నేరుగా ఫోటోకి పంపేస్తాం. అందుకేగా సూదికి ముందు బరువు చూసేది! గుమ్మడి పదహారు కిలోలు. ఈ వయసుకి ఇంతకంటే తగ్గకూడదనే గీత పదిహేను దగ్గరుంది. పిల్ల గీత పైనే ఉంది."

"పదహారా?"

"పదహారే. అదిగో, మీరు బాగుచేసిన కాటాయే. మీ సీలు కూడా దానికే వేలాడుతోంది."

తాత తలెత్తి చూశాడు. మూలన నిలువు కాటా. మనిషి ఎక్కాక గొళ్ళెం తీసి, పై కమ్మీ మీద గుండు జరిపి చూసే రకం. సీసపు సీలు మీద తన గుర్తు ఉంది. తాతకు కొంచెం ఊపిరాడింది.

ఆ ఊపిరి వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. కాళ్ళు నొప్పులంటూ గుమ్మడి ఎత్తుకోమంది. తాత వంగి ఎత్తుకున్నాడు. యాభై ఏళ్ళు తూకపు రాళ్ళు ఎత్తి దించిన చేతులవి. కంటికంటే ముందు వాటికి తెలుస్తుంది. ఇది పదహారు కాదు అన్నాయి చేతులు. ముసలితనం వచ్చింది, చేతులు తప్పుతున్నాయిలే అనుకున్నాడు. కానీ ముసలి చేతులకు ఏ బరువైనా ఎక్కువ తోచాలి గాని తక్కువ ఎలా తోస్తుంది?

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. దూలానికి పెద్ద తక్కెడ వేలాడుతుంటుంది. కోడలు లోపలికి వెళ్ళేదాకా ఆగి, గుమ్మడిని ఒక పళ్ళెంలో కూర్చోబెట్టాడు. రెండో పళ్ళెంలో పది, అయిదు, ఒకటి పెట్టాడు. పిల్ల జివ్వున పైకి లేచింది.

"ఇంకా పైకి తాతా! ఇంకా!"

అది పైకి లేచినకొద్దీ తాత గుండె కిందికి జారింది. ఒకటి తీశాడు. ఇంకా పైనే ఉంది. అయిదు తీసి, రెండూ రెండూ పెట్టాడు. అప్పుడు పళ్ళేలు రెండూ మెల్లగా ఊగి సమంగా నిలిచాయి. పద్నాలుగు. చిటికెడు ఉప్పు వేశాడు. ముల్లు కదిలింది. తక్కెడ బతికే ఉంది, నిజమే చెబుతోంది.

అయితే అబద్ధం చెప్పింది ఆసుపత్రి కాటా. దాన్ని బాగుచేసింది తను.

నాలుగు నెలల కింద అది బిగుసుకుపోయిందని కబురు చేస్తే వెళ్ళాడు. ఇనుప పలక చల్లగా ఉండి పిల్లలు ఏడుస్తున్నారని దాని మీద మందపాటి చెక్క వేసి ఉంచారు అక్కడివాళ్ళు. కొట్లవాళ్ళు పళ్ళెం పైనా కిందా ఏదో ఒకటి దాచి జనాన్ని ముంచడం తాత పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అందుకని ఏ కాటా ముట్టుకున్నా ముందు దాని మీదున్నదంతా తీసి అవతల పెట్టి, ఒట్టి ఇనుము మీదే సున్నా కడతాడు. అది ఆయన పంతం. ఆ రోజూ అంతే. చెక్క తీసేశాడు, తుప్పు గీకాడు, సున్నా కట్టాడు, ఎవరూ కదపకుండా సీలు వేశాడు. వచ్చేటప్పుడు, పాపం పసివాళ్ళ కాళ్ళు అని, ఆ చెక్కను తన చేత్తోనే తెచ్చి పలక మీద పెట్టి వచ్చాడు.

చెక్క ఎంత బరువుంటుందో అప్పుడు అనుకోలేదు. పదహారుకీ పద్నాలుగుకీ మధ్య ఉన్నది ఆ చెక్కే. తూనికల అధికారికి తెలిస్తే సీలు కొట్టే పట్టకారు లాక్కుంటారు. అదీ ఒక భయమే. కానీ పెద్ద భయం వచ్చి కూర్చున్న చోట చిన్న భయానికి నిలబడను కూడా జాగా లేదు.

అంతలో గుమ్మడి పళ్ళెంలోంచి దూకి, "నాన్నా! నాకు సున్నా వచ్చింది!" అంటూ వెనకగది వైపు పరుగెత్తింది.

"ఆగు!"

ఆ ఇంట్లో తాత అరవడం ఎవరూ ఎరగరు. పిల్ల గుమ్మంలో కొయ్యబారిపోయింది. కోడలు చేతిలో గరిటెతో వచ్చింది.

"ఏంటి మామయ్యా, పిల్ల హడలిపోయింది? దానికేం లేదన్నారుగా. తండ్రిని చూసి పన్నెండు రోజులైంది, గుమ్మంలోంచైనా పలకరించనివ్వరా?"

"పిల్ల పద్నాలుగే ఉందమ్మా. ఆసుపత్రి కాటా తప్పు."

"దాన్ని బాగుచేసింది మీరే కదా?"

"నేనే. అందుకే తప్పని తెలిసింది."

కోడలు గరిటె దించింది. "ఇన్నాళ్ళకి ఇవాళే ఒక ముద్ద నా గొంతు దిగింది. అది అరిగేదాకా అయినా ఆగలేకపోయారా? ఆసుపత్రివాళ్ళు లేదంటుంటే మీరు ఉందంటారేం? ఇప్పుడు రాళ్ళు పెట్టి జబ్బులు కూడా తూస్తున్నారా?"

వెనకగదిలోంచి కొడుకు గొంతు, మధ్యలో దగ్గు: "ఊరుకోవే. నాన్న తూకం తప్పదు."

"ఇప్పుడేగా తప్పానని ఆయనే ఒప్పుకున్నాడు!" అంది కోడలు.

అని, కూతుర్ని దగ్గరికి లాక్కుంది. దాని జబ్బ చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ చుట్టింది. రెండు వేళ్ళూ కలిసిపోయి, ఇంకా సందు మిగిలింది.

"గౌను వదులైందని మొన్న రెండు పక్కలా కుట్టువేశాను మామయ్యా," అంది. "గుడ్డ సాగిందనుకున్నా."

మర్నాడు ఆసుపత్రి తలుపులు తీసేసరికే ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. కాటా తప్పంటే నర్సమ్మ వినిపించుకోలేదు. వెనక పిల్లల తల్లులు బారులు తీరి ఉన్నారు.

"తాతా, పొద్దున్నే నన్ను పరీక్షించకండి. మీ సీలున్న కాటాని మీరే అనుమానిస్తే నేనేం చెయ్యను?"

"నా సీలు గనకే అనుమానం. ఒక్కటే అడుగుతున్నా. ఎవర్నీ ఎక్కించకుండా గొళ్ళెం తియ్యమ్మా."

"ఖాళీ కాటా ఏం చూపిస్తుంది?"

"అదే చూద్దాం."

నర్సమ్మ విసుక్కుంటూ గొళ్ళెం తీసింది. చెక్క తప్ప మరేమీ లేని కాటా మీద కమ్మీ టక్కున పైకి లేచి కొట్టుకుంది. తాత గుండు జరిపాడు. ఒక కిలో. లేచే ఉంది. ఒకటిన్నర. లేచే ఉంది. రెండు దగ్గర దిగి, గాల్లో తేలుతూ నిలిచింది.

"ఖాళీ కాటాకి రెండు కిలోలా? దయ్యం గాని ఎక్కలేదు కదా!" అంది వరసలో ఒక తల్లి. ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ చూపు కాటా మీంచి బల్ల మీదున్న బరువుల పుస్తకం మీదికి పోయింది. నాలుగు నెలల పుస్తకం.

డాక్టరు నోటి నిండా మాటలున్న మనిషి కాదు. కాటాను చూశాడు, పిల్లను చూశాడు. మెడ పక్కన వేళ్ళతో నొక్కి, "ఇక్కడ గడ్డలు బఠాణీల్లా తగులుతున్నాయి," అన్నాడు. "ఎలా తింటుంది?"

"ఎలుక కొరికినట్టు కొరికి వదిలేస్తుందండీ," అంది కోడలు.

"చేతి మాట వదిలెయ్యండి. ఒంట్లో సత్తువ లేనప్పుడు ఆ చెయ్యి చెప్పే సాక్ష్యం చెల్లదు. రెండు నెలలు కడుపునిండా తిన్నాక మళ్ళీ సూది వేస్తే ఇదే చెయ్యి లేవచ్చు. అంతదాకా మనం ఆగలేం. ఫోటో తీయించుకు రండి, ఇప్పుడే."

ఫోటోగది బయట పొడవాటి నడవ. గుమ్మడి ఒక్కతే లోపలికి వెళ్ళింది. తలుపు మీద ఎర్రదీపం వెలిగి, ఆరింది. అంతే, ఒక దగ్గు దగ్గినంత సేపు. కానీ ఆ ఫోటో చేతికి వచ్చేసరికి గంటన్నర పట్టింది. కోడలు గౌను కుట్టు విప్పుతూ కూర్చుంది. గోటితో ఒక్కొక్క దారం పీకుతోంది.

డాక్టరు ఫోటోను వెలుతురుకు పెట్టాడు. తెల్లటి పక్కటెముకలు, దువ్వెన పళ్ళలా సన్నగా. కుడివైపు, గుండెకు దగ్గరగా, తడివేలితో సిరా అలికినట్టు ఒక మరక.

"ఉంది," అన్నాడు.

కోడలు కుర్చీ అంచు పట్టుకుంది.

"రేపు పొద్దున పరగడుపున తీసుకురండి, పిల్లలు కళ్ళె ఉమ్మకుండా మింగేస్తారు గనక కడుపులోంచి నీళ్ళు తీసి పరీక్షకి పంపుతాం. మందు మాత్రం ఆ ఫలితం కోసం ఆపను. పెద్దవాళ్ళలో ఇది మెల్లగా నడుస్తుంది. చిన్నపిల్లల్లో పరుగెడుతుంది. ఒక్కోసారి మెదడుకే పాకుతుంది." అని నర్సమ్మ వైపు తిరిగాడు. "నిన్ననే ఎందుకు పంపలేదు?"

నర్సమ్మ నోరు తెరిచేలోగా తాత లేచి నిలబడ్డాడు. "తప్పు నాదండీ. చెక్క తీసి సున్నా కట్టి, మళ్ళీ చెక్క పెట్టింది నేను."

డాక్టరు ఆయన్ని ఒక క్షణం చూసి, "కూర్చోండి. ముందు పిల్ల సంగతి," అన్నాడు.

తాత కూర్చున్నాడు గాని ఆ తర్వాత చెప్పినవేవీ చెవికెక్కలేదు. మెదడుకే పాకుతుంది అన్న ఒక్కమాటే తలలో గింగురుమంటోంది.

ఆ నాలుగు నెలల్లో సూది వేసి, చెయ్యి లేవక, బరువు గీత పైన ఉందని ఇంటికి పంపిన పిల్లలు తొమ్మిదిమంది తేలారు. తాత కొక్కెం తక్కెడ భుజాన వేసుకుని నర్సమ్మ వెంట ఆ తొమ్మిది ఇళ్ళూ తిరిగాడు. ముగ్గురు గీత కిందికి దిగారు. వాళ్ళలో ఒకడి ఫోటోలో నీడ ఉంది. వాడి తల్లి తాతను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది. సీలు పట్టకారును తాతే తీసుకెళ్ళి అధికారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. మూడు నెలలు ఆపి చూస్తామన్నారు. ఆపుకోండి అని వచ్చేశాడు.

ఇక వారం వారం తూకం. కాటాకు ఇప్పుడు చెక్కతో కలిపి సున్నా కట్టారు. మందు పనిచేస్తుంటే పిల్ల ఒళ్ళు చేస్తుంది, బరువే గుర్తు అన్నాడు డాక్టరు. గుడ్లు, పాలు, వేరుశనగపప్పు ఇంటికి వచ్చాయి. గుమ్మడి కంచం ముందు కూర్చుంటే తాత ఎదురుగా చతికిలబడి, ప్రతి ముద్దకూ తన నోరు తెరిచేవాడు.

"తాతా, నువ్వలా చూస్తే ముద్ద సిగ్గుపడుతోంది," అనేది అది.

మొదటి వారం పద్నాలుగు. రెండో వారం పదమూడు కిలోల తొమ్మిది వందలు. వంద గ్రాములు తగ్గింది. పిల్లలకి ఒకటి రెండు వారాలు అలా ఉంటుందిలే అంది నర్సమ్మ. తాత ఆ రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ఏమీ కలపకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడూ అంతే. పిల్ల దగ్గినప్పుడల్లా గోడవైపు తిరిగి ఆ దగ్గుల్ని వేళ్ళమీద లెక్కపెట్టుకునేవాడు.

మూడో వారం. గుమ్మడి కాటా ఎక్కింది. నర్సమ్మ గుండు జరిపి, వంగి చూసి, "పద్నాలుగూ రెండు వందలు!" అని కేకవేసింది. "మూడు వందలు పెరిగింది తాతా! ఒక్క వారంలో!"

కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తాత నవ్వబోయి ఆగాడు. నిన్న సాయంత్రం తను ఎత్తుకున్నప్పుడు చేతులు ఈ మాట చెప్పలేదు.

"దించమ్మా. మళ్ళీ ఎక్కించు."

"తాతా, ఇంక కాటాని నమ్మండి, మీరు కట్టిన సున్నాయేగా!"

"దించు."

గుమ్మడి దిగలేదు. గౌను జేబు పట్టుకుని నిలబడింది. నర్సమ్మ చంకల కింద చేతులు వేసి ఎత్తేసరికి జేబు కాటా స్తంభానికి తగిలి ఠంగుమంది.

గదిలో అందరూ ఆ జేబునే చూశారు.

"ఏముందే అందులో?" అంది తల్లి.

గుమ్మడి జేబులోంచి మెల్లగా తీసింది. రెండు వందల గ్రాముల ఇనుప రాయి. తాత పెట్టెలోదే.

తల్లి చెయ్యి పైకి లేచింది. సగంలో ఆగిపోయింది.

"ఎందుకు పెట్టుకున్నావ్ తల్లీ?" అన్నాడు తాత.

"పోయినసారి తగ్గానని నువ్వు అన్నం తినలేదుగా," అంది గుమ్మడి. "పెరిగితే తింటావని."

తాత రాయి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. రెండో జేబు కూడా తడిమాడు. నాలుగు వేరుశనగగింజలు దొరికితే అవీ తీసి దాని అరచేతిలో పెట్టి తినమన్నాడు. నమిలి మింగేదాకా ఆగాడు. తర్వాత తనే ఎత్తి కాటా మీద నిలబెట్టి, గుండు మీద చెయ్యివేశాడు. మెల్లగా జరిపితే కమ్మీ నిలిచింది.

"పద్నాలుగు."

"అయ్యో," అంది కోడలు.

"అయ్యో ఎందుకమ్మా? పోయినవారం పదమూడూ తొమ్మిది వందలు. వంద పెరిగింది."

"నిజంగానా?" అంది గుమ్మడి కాటా మీంచే.

"నిజంగానే. ఇది నీదే, రాయిది కాదు."

అది వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది. "వచ్చేవారం కూడా పెరగాలా తాతా?"

"పెరగాలి."

"ఎంత?"

తాత కూడా లెక్కవేసుకున్నాడు. వారం అంటే ఏడు రోజులు, ఏడు మందు మోతాదులు, ఎన్ని దగ్గులో. వంద గ్రాములు అంటే రెండు కోడిగుడ్ల బరువు. అంతటి దాన్ని పట్టుకుని వచ్చే వారం దాకా నడవాలి.

"ఎంతైనా సరే," అన్నాడు. "ఖాళీ జేబులతో రా."